అచ్చులో పేజీ తెగిపోతోందా? లినక్స్‌లో సరిచేసుకునే పద్ధతి

పర్లాకిమిడిలో మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు పాత కంప్యూటర్లు, రెండిట్లోనూ లినక్సే. గిరాకీలో సగం మంది మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు నుంచి వస్తారు, మిగతా సగం ఊళ్లోవాళ్లు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది కదా, అప్పటి నుంచి మా దగ్గర కాగితాలు మూడు లిపుల్లో తిరుగుతాయి: ఆఫీసుకి ఒడియా, ఇంటి వ్యవహారానికి తెలుగు, బ్యాంకుకి ఇంగ్లీషు. మూడూ నా ప్రింటర్లోంచే బయటికి రావాలి.

ఒకసారి ఒక పెద్దావిడ ఇంటద్దె ఒప్పందం రాయించుకోవడానికి వచ్చింది. రెండో కాగితం దేనికి, ఖర్చు దండగ అని మార్జిన్లు బాగా తగ్గించి అంతా ఒక పేజీలో ఇరికించాను. ప్రింట్ తీసి చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, కాగితం అడుగుభాగం వేలితో తడిమి, "ఏటి బాబూ, సంతకాలు ఎక్కడ పెట్టాల?" అంది. చూస్తే సంతకాల గీతలు లేవు. 'సాక్షులు' అన్న మాటకి తలకట్లు మాత్రమే ఉన్నాయి, మిగతాది కత్తిరించినట్టు పోయింది. జాగా చాలలేదేమో అనుకుని మార్జిన్ ఇంకొంచెం తగ్గించాను. ఈసారి ఒక లైను ఎక్కువే పోయింది. మూడో కాగితం కూడా పాడయ్యాక, చాలా ఆలస్యంగా, ఒక సంగతి కంటపడింది. తెగినచోటు కింద ఇంకా వేలెడు తెల్ల కాగితం మిగిలి ఉంది. అంటే జాగా లేక తెగలేదు. కాగితం అక్కడితో అయిపోయిందని కంప్యూటర్ అనుకుంది.

నేను ఇప్పుడు చెప్పబోయే పద్ధతంతా ఆ వేలెడు తెల్ల జాగాలోంచి పుట్టిందే. లినక్స్‌లో ఒక పేజీ అచ్చయ్యే లోపు నలుగురి చేతులు మారుతుంది. మొదట మీ డాక్యుమెంటు, తర్వాత దాన్ని తెరిచిన ప్రోగ్రాము, తర్వాత అచ్చు పనులన్నీ చూసుకునే కప్స్ (ఇంగ్లీషులో సీ, యూ, పీ, ఎస్), చివరికి ప్రింటరు. ఈ నలుగురికీ కాగితం కొలత ఇంత అని విడివిడిగా ఒక్కో అభిప్రాయం ఉంటుంది. ఒకరు ఏ4 అని, ఇంకొకరు లెటర్ అని అనుకుంటే మధ్యలో తెగేది మన పేజీ. కాబట్టి కనిపించిన సెట్టింగ్ అల్లా తిప్పకండి. ఎవరు తేడాగా ఉన్నారో ముందు కనిపెట్టండి.

ఒక మాట. ఇందులో అక్కడక్కడా టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, కొట్టాల్సిన కమాండ్లు వస్తాయి. ఫోన్లో మావాళ్లకి చెప్పినట్టే అక్షరం అక్షరం చెబుతాను. మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోండి.

ముందు స్కేలు తీయండి

మన దేశంలో వాడేది ఏ4. వెడల్పు 210 మి.మీ., పొడవు 297. అమెరికావాళ్లు వాడేది లెటర్. వెడల్పు 215.9, పొడవు 279.4. లినక్స్ సాఫ్ట్‌వేర్‌లో చాలాచోట్ల, మనం ఏమీ చెప్పకపోతే లెటరే ఉంటుంది. రెండు కాగితాల్నీ పక్కపక్కన పెడితే ఏ4 పొడవులో 17.6 మి.మీ. ఎక్కువ, వెడల్పులో 6 మి.మీ. తక్కువ. ఈ రెండు అంకెలు గుర్తుంటే తెగిన కాగితమే మీకు సగం సంగతి చెప్పేస్తుంది.

పైనో కిందో రెండు మూడు లైన్లు పోయి, తెగినచోటు తర్వాత కూడా తెల్ల కాగితం మిగిలితే, డాక్యుమెంటు ఏ4, మధ్యలో ఎవరో లెటర్. ఒక్కోసారి ఆ 17.6 మి.మీ. ఒకవైపే పోతుంది, ఒక్కోసారి పైనా కిందా పంచుకుని పోతుంది. కుడి ఎడమల్లో ఒక్కో అక్షరం చొప్పున చెక్కినట్టు పోతే అది తిరగబడిన కేసు: బయటినుంచి వచ్చిన లెటర్ డాక్యుమెంటుని ఏ4 మీద వేస్తున్నారు. నాలుగువైపులా గీసిన బోర్డర్ మాత్రమే మాయమైతే అది కొలతల గొడవ కాదు, ప్రింటర్ అచ్చువేయలేని అంచు గొడవ. పేజీ సగం వరకు శుభ్రంగా వచ్చి, అక్కడినుంచి ఖాళీగా ఉంటే తప్పు డ్రైవర్‌దో (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్), ప్రింటర్ మెమరీదో. పట్టికలో కుడివైపు కాలమ్‌లు పోతే ప్రోగ్రాములోనే ఉంది కిటుకు. పేజీ అంతా బాగానే ఉండి తెలుగు ఒత్తులు మాత్రం తెగితే, అది మన లిపికి ప్రత్యేకమైన కష్టం. దానికి విడిగా వస్తాను.

కాగితం ఖర్చు లేని పరీక్ష

తెగిన డాక్యుమెంటునే మళ్లీ ప్రింట్ ఇవ్వండి. కానీ ప్రింటర్ల జాబితాలో మీ ప్రింటర్ బదులు 'ప్రింట్ టు ఫైల్' ఎంచుకుని పీడీఎఫ్‌గా దాచండి. ఆ పీడీఎఫ్ తెరిచి చూడండి. అందులోనే తెగి ఉంటే తప్పు డాక్యుమెంటుది, లేదా ప్రోగ్రాముది. ప్రింటర్ జోలికి వెళ్లక్కర్లేదు. పీడీఎఫ్ నిండుగా ఉండి కాగితం మీద మాత్రం తెగితే, మొదటి ఇద్దరూ బయటపడినట్టే. కప్స్‌ని, ప్రింటర్‌ని చూడాలి.

ఈ ఒక్క పరీక్షతో పని సగానికి తగ్గుతుంది. ఇది తెలియక నేను ప్రింటర్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేసుకున్న రోజులున్నాయి.

మీది స్కానర్ కూడా ఉన్న ప్రింటరైతే ఇంకో చిన్న పరీక్ష. అంచుల దాకా రాత ఉన్న కాగితాన్ని అద్దం మీద పెట్టి కాపీ బటన్ నొక్కండి. కంప్యూటర్ ప్రమేయం లేకుండా తీసిన జిరాక్స్ కూడా అదేచోట తెగితే, ప్రింటర్ తనంతట తానే కాగితాన్ని వేరే కొలతగా అనుకుంటోంది. ట్రేలో కాగితాన్ని పట్టుకునే ప్లాస్టిక్ రెక్కలు సరిగా ఆనించండి. ప్రింటర్ తెర మీద పేపర్ సెట్టింగ్‌లోకి వెళ్లి ట్రే సైజు ఏ4 అని మార్చండి.

కప్స్‌లో

లినక్స్‌లోనూ, ఆ మాటకొస్తే యాపిల్ మ్యాక్‌లోనూ అచ్చు పని చూసేది కప్సే. 1999లో మొదటిసారి విడుదలైంది. దీనికి బ్రౌజర్‌లోనే తెరుచుకునే సొంత పేజీ ఒకటుందని చాలామందికి తెలియదు. బ్రౌజర్ అడ్రస్ గడిలో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి, 631 అని వేసి ఎంటర్ నొక్కండి. ఇంటర్నెట్ లేకపోయినా వస్తుంది, ఎందుకంటే అది మీ కంప్యూటర్లోనే ఉంది.

పైన 'ప్రింటర్స్' అన్నచోట నొక్కి, మీ ప్రింటర్ పేరు మీద నొక్కండి. అక్కడ రెండు కిందికి జారే మెనూలు కనిపిస్తాయి. రెండోదాంట్లో 'సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్' ఉంటుంది. అందులో 'మీడియా సైజ్' దగ్గర లెటర్ ఉంటే ఏ4 చేసి, కిందనున్న బటన్ నొక్కండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యేవే ఇవ్వాలి. అవే ఇచ్చినా ఒప్పుకోకపోతే మీ యూజర్‌కి ప్రింటర్లని మార్చే అధికారం లేదని అర్థం. 'ఎల్‌పీఅడ్మిన్' అనే గ్రూపులో మిమ్మల్ని చేర్చమని ఆ కంప్యూటర్ చూసుకునేవాళ్లని అడగండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. సైజుల జాబితాలో కొన్ని ప్రింటర్లకి ఏ4 రెండుసార్లు కనిపిస్తుంది: ఒకటి మామూలు ఏ4, ఇంకొకటి 'బోర్డర్‌లెస్' ఏ4. రెండోది ఫొటోల కోసం. అంచుల్లో తెలుపు మిగలకుండా బొమ్మని కాస్త పెద్దది చేసి, మిగిలింది కాగితం బయటికి తోసేస్తుంది. దాంతో రాతకోతల కాగితం వేస్తే చుట్టూ తెగి తీరుతుంది. మామూలుదే ఎంచుకోండి.

తర్వాత మొదటి మెనూలోంచి 'ప్రింట్ టెస్ట్ పేజ్' ఇవ్వండి. ఆ పేజీ నిండుగా వస్తే కప్స్, ప్రింటర్ ఒక మాట మీద ఉన్నట్టు.

టెస్ట్ పేజీ నిండుగా వచ్చి, మీ డాక్యుమెంటు ఇంకా తెగుతోందా? అయితే మీ యూజర్ పేరు మీద విడిగా దాగున్న సెట్టింగ్ చూడాలి. కప్స్‌లో కంప్యూటర్ మొత్తానికి ఒక సెట్టింగ్, ఒక్కో యూజర్‌కి ఇంకొకటి ఉంటాయి. యూజర్‌దే పైచేయి. టెర్మినల్‌లో ఎల్, పీ, తర్వాత ఆప్షన్స్ అని అన్నీ కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, చిన్న ఎల్ కొట్టండి. వచ్చిన జాబితాలో 'పేజ్‌సైజ్' అన్న లైను చూడండి. ఏ సైజు ముందు నక్షత్రం గుర్తు ఉందో అదే మీ పేరు మీద అమల్లో ఉంది. అక్కడ లెటర్ ముందు నక్షత్రం ఉంటే, ఫైల్ మేనేజర్‌లో మీ హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. దాగున్న ఫోల్డర్లు బయటికొస్తాయి. చుక్కతో మొదలయ్యే కప్స్ ఫోల్డర్‌లో, మీరు ఇందాక టెర్మినల్‌లో కొట్టిన పేరుతోనే ఒక ఫైల్ ఉంటుంది. దాని పేరు మార్చేయండి, తీసేయక్కర్లేదు. మళ్లీ ప్రింట్ ఇస్తే కప్స్ అసలు సెట్టింగ్‌నే వాడుకుంటుంది.

మా షాపులో ఒక కంప్యూటర్లో బాగా వచ్చి, రెండోదాంట్లో అదే ఫైలు, అదే ప్రింటరు, అయినా తెగేది. కారణం ఈ దాగున్న ఫైలే. రెండు రోజులు పట్టింది నాకు.

లెటర్ మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటే

ఇవాళ మార్చారు, రేపు కొత్త ప్రింటర్ కలిపితే మళ్లీ లెటర్. కొత్త డాక్యుమెంటు తెరిస్తే అదీ లెటర్. ఇలా అవుతుంటే వేరు ఇంకా కిందుంది. లినక్స్ వేసేటప్పుడు దేశం, భాష అడుగుతుంది. ఎప్పుడు అయిపోతుందా అని మనం నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తాం. నేనూ అదే చేశాను. ఊరి పేరు దగ్గర న్యూయార్క్ ఉంటే అలాగే వదిలేసి, గడియారం మాత్రం తర్వాత మార్చుకున్నాను. కంప్యూటర్ మాత్రం తాను అమెరికాలో ఉన్నాననే అనుకుంటూ, కలిపిన ప్రింటర్‌ని కూడా లెటర్‌గానే పెట్టుకుంది. ఏ4లో చేసిన పెద్దావిడ ఒప్పందం తెగింది అందుకే.

చూసుకోవడం తేలిక. టెర్మినల్‌లో లోకేల్ (ఎల్, ఓ, సీ, ఏ, ఎల్, ఈ) అని కొట్టి, ఖాళీ వదిలి, ఈసారి పెద్ద అక్షరాల్లో ఎల్, సీ, అండర్‌స్కోర్, పేపర్ అని కొట్టండి. రెండు అంకెలు వస్తాయి. 297, 210 వస్తే ఏ4. 279, 216 వస్తే మీ కంప్యూటర్ కూడా అమెరికాలో ఉన్నట్టే. సెట్టింగ్స్‌లో 'రీజియన్ అండ్ లాంగ్వేజ్'కి వెళ్లి 'ఫార్మాట్స్' దగ్గర ఇండియా ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి. మెనూలు ఇంగ్లీషులోనే ఉండాలనుకుంటే ఉంచుకోవచ్చు, ఇంగ్లీషు ఇండియా అని విడిగా ఉంటుంది.

'ఫిట్ టు పేజ్' అనే తేలిక మందు

తెగిందంటే చాలామంది చెప్పే చిట్కా ఒకటే: ఫిట్ టు పేజ్ పెట్టెయ్. పని చేస్తుంది, కాదనను. కానీ నేనది ఆఖర్న తప్ప వాడను. ఏ4 పేజీని లెటర్‌లో పట్టించాలంటే దాదాపు 94 శాతానికి కుదించాలి. ఉత్తరమైతే ఎవరికీ తెలియదు. పాస్‌పోర్ట్ ఫొటోల షీటుకి అదే పెడితే 35కి 45 మి.మీ. ఉండాల్సిన ఫొటో 33కి 42 అవుతుంది. దరఖాస్తు తీసుకునేవాళ్లు ఫొటో సైజు చాలదని వెనక్కి పంపితే తిట్లు తినేది మనం. ముందే అచ్చయిన ఫారం గడుల్లో పేరు, తేదీ వేసేటప్పుడు కూడా అంతే. మొదటి గడిలో సరిగ్గా పడి, చివరి గడికి వచ్చేసరికి గీత మీదికెక్కుతుంది. కొలత తప్పును అలాగే ఉంచి పైన ముసుగేయడం ఇది.

అయితే నిజంగా కుదించాల్సిన సందర్భం ఒకటుంది. చాలా ప్రింటర్లు కాగితం అంచుల్ని పట్టుకుని లాగాలి కాబట్టి చుట్టూ కొంత మేర అచ్చు వేయలేవు. చాలా లేజర్ ప్రింటర్లకి అది నాలుగైదు మి.మీ. ఉంటుంది, కొన్ని పాత ఇంక్‌జెట్లకి అడుగువైపు ఇంకా ఎక్కువ. ఎవరో కాగితం అంచుకి ఆనించి బోర్డర్ గీసిన సర్టిఫికెట్ ఇస్తే దాన్ని ఏ సెట్టింగూ నూటికి నూరు శాతం అచ్చువేయించలేదు. అలాంటప్పుడు మాత్రం పీడీఎఫ్ చూపించే డాక్యుమెంట్ వ్యూయర్‌లో, ప్రింట్ తెరలోని 'పేజ్ హ్యాండ్లింగ్'కి వెళ్లి, 'పేజ్ స్కేలింగ్' దగ్గర 'ష్రింక్ టు ప్రింటబుల్ ఏరియా' పెట్టండి. పెద్దగా ఉంటే కుదిస్తుంది, సరిపోయేదాన్ని ముట్టుకోదు. దాని పక్కనే ఉన్న 'ఫిట్' మాత్రం చిన్నదాన్ని పెద్దది కూడా చేసేస్తుంది. రెండూ ఒకటే అనుకోకండి. ఫొటోలకీ, ఫారాలకీ అదేచోట 'నన్' పెట్టుకోవాలి.

ఎవరైనా వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ అయితే ప్రింట్ ఇచ్చేముందు ప్రాపర్టీస్ తెరిచి పేపర్ సైజు చూడటం అలవాటు చేసుకోండి. ఫోన్ స్కానర్‌తో తీసిన పేజీలు ఏ4వీ కావు, లెటర్‌వీ కావు. ఫోన్ ఎలా పట్టుకుంటే అలా ఉంటాయి. వాటికి కుదించడం తప్పదు.

లీగల్ కాగితం

ఇది మా వైపు ప్రతి షాపుకీ తెలిసిన తలనొప్పి. సుప్రీంకోర్టు 2020లోనే ఏ4కి మారింది. అయినా అఫిడవిట్ అనగానే పొడుగు కాగితం కావాలనేవాళ్లు ఇంకా ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌లో లీగల్ అంటే అమెరికా లీగల్, పొడవు 355.6 మి.మీ. మనకి బజారులో లీగల్ పేరుతో దొరికే కట్ట చాలాసార్లు 345 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఆ సెంటీమీటరు తేడాలో కింద ఒక లైను పోతుంది. అది ఎప్పుడూ నోటరీ సంతకం లైనే అవుతుంది, ఎందుకో మరి.

మీ కట్టలోంచి ఒక కాగితం తీసి స్కేలుతో కొలవండి. 345 ఉంటే లిబ్రాఫీస్ రైటర్‌లో, అంటే వర్డ్ లాంటి ప్రోగ్రాములో, 'ఫార్మాట్' మెనూలోంచి 'పేజ్ స్టైల్' తెరిచి, లీగల్ ఎంచుకోకుండా వెడల్పు 21.5 సెం.మీ., పొడవు 34.5 సెం.మీ. అని మీరే వేయండి. ప్రింట్ తెరలో ప్రాపర్టీస్‌కి వెళ్లి అక్కడ కూడా 'కస్టమ్' సైజు అదే ఇవ్వండి. మీ డ్రైవర్‌లో కస్టమ్ లేకపోతే, లీగల్ అనే ఉంచి డాక్యుమెంటు అడుగు మార్జిన్‌ని రెండు సెంటీమీటర్లు పెంచుకుంటే గండం గడుస్తుంది.

ఒత్తులు తెగితే

ఇంగ్లీషులో రాసిన ప్రింటింగ్ సలహాల్లో ఇది ఎక్కడా కనిపించదు. వాళ్లకి ఈ బాధ లేదు కాబట్టి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఇంగ్లీషు అక్షరం కంటే ఎంత జాగా తింటుందో చూడండి. ఒడియావాళ్ల కిందరాతలకీ ఇదే గతి. ఇంగ్లీషు కొలతతో లైన్ల ఎడం బిగించేస్తే పైలైను ఒత్తులు తెరమీద కనిపించినా కనిపించకపోయినా, కాగితం మీద మాత్రం కోసేసినట్టు ఉంటాయి.

ఈమధ్య ఒక శుభలేఖలో 'లక్ష్మి'లోని మ ఒత్తు ఎగిరిపోయింది. పెళ్లికూతురు పేరు 'లక్షి' అయి కూర్చుంది. అదృష్టం, ఒక్క కార్డు దగ్గరే వాళ్ల మేనమామ పట్టుకున్నాడు. వాడుక తెలుగు కోసం ఏళ్ల తరబడి పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ అచ్చయిన కార్డులో ఒత్తు లేకపోతే ఎలా చెప్పండి.

రైటర్‌లో అయితే ఆ పేరా మొత్తం సెలెక్ట్ చేసి, 'ఫార్మాట్'లో 'పేరాగ్రాఫ్' తెరవండి. 'లైన్ స్పేసింగ్' దగ్గర 'ఫిక్స్‌డ్' అని ఉంటే దొంగ దొరికినట్టే. దాన్ని 'సింగిల్' గానీ 'ప్రపోర్షనల్' గానీ చేయండి. ప్రపోర్షనల్ పెడితే నూరు శాతం కంటే తగ్గించకండి. పేజీ నెత్తిన హెడర్‌లో తెగితే, పేజ్ స్టైల్‌లో హెడర్ దగ్గర 'ఆటోఫిట్ హైట్' గడిలో టిక్ ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టండి.

క్యాల్క్‌లో, అంటే ఎక్సెల్ లాంటి పట్టికల్లో, వరస ఎత్తు ఎవరో చేత్తో బిగించి ఉంటారు. వరసలన్నీ సెలెక్ట్ చేసి, 'ఫార్మాట్'లో 'రోస్' కింద 'ఆప్టిమల్ హైట్' ఇవ్వండి. ఒక్కసారి ఇస్తే అన్ని ఒత్తులూ గూటికి చేరతాయి.

ఇంకొకటి. విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన ఫైలు మన దగ్గరికొస్తే, ఆ ఫాంటు లేక లినక్స్ దాని బదులు లోహిత్ తెలుగో, నోటో తెలుగో వేసేస్తుంది. అక్షరాల వెడల్పు, ఎత్తు మారి, ఒక పేజీలో ఉన్నది ఒకటిన్నర పేజీ అవుతుంది. అది తెగడం కాదు, పొంగిపోవడం. ఇచ్చినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమని అడగడం మేలు. ఫాంటు దానిలోనే కూర్చుని వస్తుంది.

పట్టికలు, వెబ్ పేజీలు

క్యాల్క్‌లో కుడివైపు కాలమ్‌లు పోతే అవి నిజంగా పోవు, వేరే పేజీలో విడిగా వస్తాయి. పేజ్ స్టైల్‌లో 'షీట్' అనే ట్యాబ్‌కి వెళ్లి, 'స్కేలింగ్ మోడ్' దగ్గర వెడల్పుకి ఒక పేజీ అని ఇచ్చి, ఎత్తు గడి ఖాళీగా వదిలేయండి. పేజీని అడ్డంగా తిప్పితే అక్షరాలు మరీ చిన్నవి కాకుండా ఉంటాయి. వెబ్ పేజీలకైతే ఫైర్‌ఫాక్స్ ప్రింట్ తెరలో 'ఫిట్ టు పేజ్ విడ్త్' ఉంది. క్రోమ్‌లో స్కేల్‌ని కస్టమ్ చేసి 80 దాకా తగ్గించి చూడండి. ఇక్కడ కుదించడానికి మొహమాటం అక్కర్లేదు, వెబ్‌లోంచి తీసే టికెట్ లాంటి కాగితాలకి కొలతలెవరూ చూడరు.

వేరేవాళ్లు పంపిన లిబ్రాఫీస్ ఫైలు ఒక్కటే విచిత్రంగా తెగుతుంటే, అది వాళ్ల ప్రింటర్ సెట్టింగ్‌ని తనతో మోసుకొచ్చి ఉండవచ్చు. 'టూల్స్'లో 'ఆప్షన్స్', అందులో 'లోడ్ సేవ్' కింద 'జనరల్'లో, డాక్యుమెంటుతోపాటు ప్రింటర్ సెట్టింగ్స్ లోడ్ చేయాలా అన్న గడి ఉంటుంది. టిక్ తీసేసి ఫైలు మూసి మళ్లీ తెరవండి.

సగం పేజీ దగ్గర ఆగిపోతే

600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, ఒక నలుపు తెలుపు ఏ4 పేజీ అంటే కుదించకముందు 4 ఎంబీకి పైగా చుక్కలు. కొన్ని పాత ప్రింటర్లలో అంత మెమరీ ఉండదు. ఫొటోలతో నిండిన పేజీ పంపితే మింగలేక మధ్యలో వదిలేస్తుంది. ప్రింట్ తెరలో రిజల్యూషన్ 300కి తగ్గించి చూడండి. దానికీ లొంగకపోతే, ఆ పీడీఎఫ్‌ని ముందు చెప్పినట్టు ప్రింట్ టు ఫైల్‌తో మరో పీడీఎఫ్‌గా దాచి, ఆ కొత్తదాన్ని ప్రింట్ ఇవ్వండి. చాలాసార్లు చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

ప్రింటర్ల జాబితాలో మీ ప్రింటర్ రెండు పేర్లతో కనిపిస్తోందేమో కూడా చూడండి. నెట్‌వర్క్ మీదున్న ప్రింటర్లని ఈమధ్య ఉబుంటు వంటి లినక్స్ రకాలు తమంతట తామే కనిపెట్టి కలిపేసుకుంటాయి. మీరు డ్రైవర్ వేసి కలిపింది ఒకటి, అది కలుపుకున్నది ఇంకొకటి. రెండిట్లోనూ టెస్ట్ పేజీ తీసి, నిండుగా వచ్చినదాన్ని డిఫాల్ట్ చేసుకోండి. రెండోదాన్ని వాడకండి. హెచ్‌పీ ప్రింటరైతే వాళ్లదే హెచ్‌పీఎల్‌ఐపీ అనే డ్రైవర్ల మూట లినక్స్ సాఫ్ట్‌వేర్ స్టోర్లలో దొరుకుతుంది. చుట్టూ తిరిగేముందు అది వేసి చూడండి.

అన్నీ అయ్యాక కూడా తెగుతుంటే కప్స్‌ని నోరు విప్పి మాట్లాడమనాలి. టెర్మినల్‌లో ముందు సుడో (ఎస్, యూ, డీ, ఓ), ఖాళీ, తర్వాత కప్స్‌సీటీఎల్ అని కలిపి కొట్టి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి డీబగ్, హైఫన్, లాగింగ్ అని కొట్టండి. తెగే పేజీని ఒక్కసారి ప్రింట్ ఇవ్వండి. వార్ (వీ, ఏ, ఆర్) ఫోల్డర్‌లో లాగ్ కింద కప్స్ ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని తెరిచి లెటర్ అన్న మాట వెతకండి. ఏ దశలో దూరిందో అక్కడ కనిపిస్తుంది. పని అయ్యాక అదే కమాండ్‌లో డీబగ్ ముందు నో, హైఫన్ చేర్చి మళ్లీ కొట్టి ఆపేయండి. లేకపోతే ఆ ఫైలు అలా పెరుగుతూనే ఉంటుంది.

మా షాపులో ఇప్పుడు ట్రే మీద ఒక చీటీ అంటించి ఉంది, 'ఏ4, 297' అని. పక్క సొరుగులో ఇంకో కాగితం ఉంది. రైటర్‌లో ఏ4 పేజీ తెరిచి, నాలుగు అంచులకీ సరిగ్గా సెంటీమీటరు లోపల ఒక చట్రం గీసి అచ్చు వేసుకున్నది. కొత్త ప్రింటర్ కలిపినా, లినక్స్ కొత్త వెర్షన్ వేసినా ముందు ఆ ఫైలునే ప్రింట్ తీసి, సొరుగులో కాగితం మీద పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటాను. నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే షట్టర్ పూర్తిగా ఎత్తుతాను.